వారసత్వం ఎవరిది?
నూజివీడు జమీందారీ చరిత్రనుంచి కొన్ని ప్రశ్నలు

కిందటి సంవత్సరం చాట్రాయిలో నేను పనిచేసే బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు సెలవుపెడితే ఆ పీరియడు నాకు వేశారు. నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. చరిత్ర పాఠం చెప్పాలంటే ముందురోజు రాత్రి కూర్చుని చదువుకోవలసిందే. ఐరోపాలో జాతీయభావం ఎలా పుట్టిందన్న పాఠం అది. 1815లో జర్మనీ ఒక దేశం కాదని, 39 రాజ్యాల సమాఖ్య అని, వాటిలో కొన్ని మన మండలంకన్నా చిన్నవని చెబుతుండగా వెనక బెంచీలో ఒక పిల్లవాడు లేచి, “అన్ని రాజ్యాలు ఎట్టా వచ్చినయ్యి మాస్టారూ?” అని అడిగాడు. “అన్నదమ్ములు పంచుకుంటే వచ్చాయి” అన్నాను. “అయితే మన నూజివీడు రాజులకుమల్లేనా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ముందు వరసలోని అమ్మాయి నెమ్మదిగా మరో ప్రశ్న వేసింది: “రాజులకి వంశవృక్షం వుంటది గదా మాస్టారూ, మాకెందుకు లేదు?”

మొదటి ప్రశ్నకు చరిత్ర పుస్తకాలు చూసి జవాబు చెప్పవచ్చు. రెండో ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకూ కలిపి రాసుకున్న జవాబు.

మన ప్రాంతాల చరిత్ర రాయడానికి మనవాళ్లకు ఒక అచ్చు అలవాటయింది. ఉత్సవ సంచిక తిరగేసినా, గుడి దగ్గర అమ్మే స్థలపురాణం తిరగేసినా అదే వరస. ఫలానా రాజు కోట కట్టించాడు, చెరువు తవ్వించాడు, తోట వేయించాడు, పండితుల్ని పోషించాడు. తెలుగు పంతుల్ని గనక నాకు ముందు కనిపించేది వ్యాకరణం. కట్టించాడు, తవ్వించాడు, వేయించాడు అన్న ఈ ప్రేరణార్థక క్రియలన్నిటిలో పనిచేసినవాడు ఒకడున్నాడు. వాణ్ణి భాష ‘ఇంచు’ అనే చిన్న ప్రత్యయంలో దాచేస్తుంది. తవ్వినవాడు లేకుండా తవ్వించడం కుదరదు. కాని వాక్యంలో కర్త స్థానం మాత్రం తవ్వించినవాడిది. శాసనాల కాలంనుంచీ మన చరిత్ర రచనలో ఎక్కువభాగం ఈ ప్రత్యయం మీదే నిలబడివుంది. అంచేత వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు ‘ఇంచు’ను విప్పి చూడటం అభ్యుదయ విమర్శకుడి మొదటి పని అని నా అభిప్రాయం.

నూజివీడు పేరు నువ్వుల చేలనుంచి వచ్చిందని మా వైపు చెప్పుకుంటారు. ఒక మేక తోడేలును ఎదిరించి నిలిచిన చోట కోట కట్టారన్న కథ కూడా వుంది. ఏలిన ఇంటిపేరు మేకావారు గనక ఆ కథ పుట్టడానికి పెద్ద ఊహ అక్కర్లేదు. ప్రతి రాజవంశానికీ ఇలాంటి కథ ఒకటి వుంటుంది. భూమి మీద హక్కు పరాక్రమంవల్లనో దైవానుగ్రహంవల్లనో వచ్చిందని చెప్పడం దాని ప్రయోజనం. నువ్వులు చల్లినవాళ్లు పేరులో మిగిలారుగాని కథలోకి రాలేదు.

కథను పక్కనపెట్టి కాగితాలు చూద్దాం. మేకా అప్పారావులు మొగలాయీ, నిజాం పాలనల్లో శిస్తు వసూలు అధికారంతో బలపడినవాళ్లు. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ఆ ఇంటికీ కంపెనీకీ పేష్కషు బాకీల దగ్గర తగవు వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు చివరి పాతికేళ్లూ బాకీలతోనూ, జప్తులతోనూ, తిరుగుబాటుతోనూ గడిచాయి. చివరికి 1802లో కంపెనీ మద్రాసు రాజధానిలో శాశ్వత పరిష్కారం అమలుచేసింది. ఆ సంవత్సరపు 25వ నంబరు రెగ్యులేషను దానికి ఆధారం. వసూలయ్యే శిస్తులో సుమారు మూడింట రెండువంతులు కంపెనీకి పేష్కషుగా కట్టాలి, మిగిలింది జమీందారుది. అందుకు కంపెనీ సనదు ఇస్తుంది, జమీందారు కబూలియతు రాసిస్తాడు. పాత నూజివీడు సంస్థానాన్ని అప్పుడు రెండు చేశారు. నిడదవోలు ఒక అన్నకు, నూజివీడు ఒక తమ్ముడికి వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రెండు కాగితాల్లోనూ సంతకాలు ఇద్దరివే, కంపెనీవి, జమీందారువి. భూమి దున్నే రైతు మూడో పార్టీగా కూడా లేడు. పేష్కషు శాశ్వతంగా స్థిరపడింది. రైతు కట్టే శిస్తు మాత్రం స్థిరపడలేదు. పంట పెరిగినా, ధర పెరిగినా, బీడు సాగులోకి వచ్చినా ఆ పెరుగుదల దివాణానికి దక్కే ఏర్పాటు అది. ‘వంశపారంపర్యం’ అని మనం పెద్ద మాటగా చెప్పుకునే ఆస్తి ఆర్థికార్థంలో ఇదే: మరొకడి శ్రమలో పెరిగే వంతు మీద తరతరాల హక్కు.

ఇప్పుడు పిల్లవాడి పోలిక దగ్గరికి వద్దాం. జర్మనీలో సాక్సే-గోథా డ్యూకు ఎర్నెస్టు 1675లో చనిపోయాడు. అతనికి ఏడుగురు కొడుకులు. అయిదేళ్లు కలిసి ఏలినట్టు ఏలి, 1680లో రాజ్యాన్ని ఏడు వాటాలు చేసుకున్నారు. గోథా, కోబర్గు, మైనింగెన్, హిల్డ్‌బుర్గ్‌హౌజెన్ వగైరా అలా పుట్టినవే. ఒక శాఖకు సంతానం లేకపోతే మిగిలిన శాఖలు దానికోసం తగవులాడుకునేవి. 1825లో గోథా శాఖ అంతరిస్తే 1826లో మళ్లీ పంపకం జరిగింది. అలా ఏర్పడిన సాక్సే-కోబర్గు-గోథా డ్యూకుకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి రాజ్యం. రెండోవాడు ఆల్బర్టుకు రాజ్యం రాలేదు, 1840లో విక్టోరియా రాణితో పెళ్లి అయింది. అంతకంటె చిత్రం ఆ తర్వాత జరిగింది. పెద్దవాడు 1893లో వారసులు లేకుండా పోతే ఆ చిన్న జర్మను సింహాసనం మీద ఆల్బర్టు కొడుకు కూర్చున్నాడు. 1900లో అతనూ పోతే ఇంగ్లండులో పుట్టి పెరిగిన పదహారేళ్ల మనవడు చార్లెస్ ఎడ్వర్డును పిలిపించి డ్యూకును చేశారు. ఆ ప్రజల భాషలో, శ్రమలో, కష్టసుఖాల్లో అతనికి ఏ పాలూ లేదు. వున్నదల్లా వంశవృక్షంలో ఒక కొమ్మ. 1918 నవంబరు విప్లవంలో అతని పదవి పోయింది. తర్వాత నాజీ పార్టీలో చేరి 1954లో చనిపోయాడు.

మన కథకూ ఆ కథకూ ముడి వున్నది పోలికలో మాత్రమే కాదు. నూజివీడు ఆస్తి గురించి అన్నదమ్ముల మధ్య వ్యాజ్యం నడిచి లండనులోని ప్రీవీ కౌన్సిలుదాకా వెళ్లింది. 1879-80లో ఆ తీర్పు వెలువడింది ఆల్బర్టు భార్య విక్టోరియా రాణి పేరిటే. న్యాయవాదులు దాన్ని ఇప్పటికీ నూజివీడు కేసు అంటారు. తేలవలసిన ప్రశ్న ఒకటే. నూజివీడు జమీందారీ రాజ్యంవంటిదా? అంటే పెద్దకొడుకు ఒక్కడికే చెందే అవిభాజ్య సంస్థానమా? లేక మామూలు హిందూ కుటుంబపు ఆస్తిలాగా పంచుకోదగ్గదా? ప్రీవీ కౌన్సిలు ఇచ్చిన జవాబు మనం శ్రద్ధగా చదవదగ్గది. పాత సంస్థానం స్వభావం ఎలాంటిదైనా సరే, 1802లో కంపెనీ దాన్ని విడగొట్టి కొత్త సనదుతో మళ్లీ ఇచ్చింది. ఈ హక్కుకు మూలం ఆ సనదే. అంచేత మామూలు ఆస్తికి వర్తించే వారసత్వ నియమాలే దీనికీ వర్తిస్తాయి, తమ్ముళ్లకూ వాటా వుంటుంది. ఇదీ తీర్పు సారాంశం.

ఆ తీర్పు రాసిన న్యాయమూర్తులకు జమీందారీ వ్యవస్థను ప్రశ్నించే ఉద్దేశం లేదు. అయినా వాళ్లు తెలిసో తెలియకో ఒక నిజం ఒప్పుకున్నారు. మేకా-తోడేలు కథ కాదు, పూర్వుల కత్తి కాదు, ఈ హక్కును పుట్టించింది ప్రభుత్వం ఇచ్చిన కాగితం. కాగితంతో పుట్టిన హక్కు కాగితంతో పోగలదన్న మాట వాళ్లు అనలేదు. డెబ్బై ఏళ్ల తర్వాత అది రుజువయింది.

తీర్పు తర్వాత నూజివీడు ఎస్టేటు ముక్కలయింది. వుయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు, కపిలేశ్వరపురం మొదలైన శాఖలు ఏర్పడ్డాయి. దివాణాలు పెరిగాయి, రైతులు మాత్రం వాళ్లే. ఒకచోట వున్న ఠాణా, అమీనా, బంట్రోతులు ఇప్పుడు ఎన్నోచోట్ల కావాలి. ఆస్తిని అన్నదమ్ములు పంచుకుంటే పెద్దరికం చిన్నదవుతుందనుకుంటాం. దాని ఖర్చు మాత్రం చిన్నదికాదు. వాటాల్ని ఆపడానికి పెద్ద సంస్థానాలవాళ్లు పోరాడారు. మద్రాసు ప్రభుత్వం 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం చేసి కొన్ని సంస్థానాలు ముక్కలు కాకుండా కాపాడింది. ఇంగ్లీషు ప్రభుత్వానికి చెదరని జమీందారులు కావాలి. చిన్న రైతు కమతం నాలుగు ముక్కలైతే ఏ చట్టమూ అడ్డుపడలేదు.

ఈ శాఖల్లోని ఒక చిన్న రాజు జీవితం మన విమర్శకులు ఇంకా సరిగా చూడని విషయం అనుకుంటాను. ఆయన మీర్జాపురం రాజా మేకా వెంకట్రామయ్య అప్పారావు. జమీందారీలకు చివరి రోజులు దగ్గరపడుతున్న కాలంలో ఆయన మద్రాసు వెళ్లి సినిమాలు తీశాడు. మొదట జయా ఫిలింస్, తర్వాత శోభనాచల. ఆగిరిపల్లి కొండమీది శోభనాచల నృసింహస్వామి పేరే స్టూడియోకు పెట్టుకున్నాడు. మెట్ట ఊళ్ల దేవుడు మద్రాసులో స్టూడియో గేటు మీదికి ఎక్కాడు. నటి సి. కృష్ణవేణి ఆయన భార్య, చిత్రనిర్మాణంలో కూడా తోడు. ఈ సంస్థ 1947లో ‘గొల్లభామ’ తీసి అంజలీదేవికి పేరు తెచ్చింది. 1949లో ‘కీలుగుర్రం’ రాజావారు స్వయంగా దర్శకత్వం వహించారు. అదే సంవత్సరం కృష్ణవేణి నిర్మించిన ‘మనదేశం’తో ఎన్.టి. రామారావు తెరకు పరిచయమయ్యాడు.

తెలుగు సినిమాకు ఇదంతా లాభమే. అది కాదనడం యాంత్రికమైన విమర్శ అవుతుంది. పైగా జమీందారీ ఇళ్లనుంచి పెట్టుబడి సినిమాలోకి మళ్లడం ఒక్క మీర్జాపురానికే జరగలేదు. చల్లపల్లి రాజా అండతో నడిచిన సారథి ఫిలింస్ గూడవల్లి రామబ్రహ్మం చేత ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీయించింది. రెండోది జమీందారీ దౌర్జన్యాన్ని చూపించిన చిత్రం. జమీందారులే దానికి అడ్డు తగిలారు. ఒక జమీందారు డబ్బుతో తీసిన సినిమాను మరికొందరు జమీందారులు ఆపబూనడం ఆ వర్గంలోని వైరుధ్యాలకు మంచి ఉదాహరణ. మన రచయితలు కూడా ఆ వైరుధ్యాల మధ్యనే పనిచేశారు. ‘రైతుబిడ్డ’కు పనిచేసిన త్రిపురనేని గోపీచంద్ 1950లో మీర్జాపురం వారి ‘లక్ష్మమ్మ’కు దర్శకుడయ్యాడు. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావుగారు ‘కీలుగుర్రం’ రచనకు పూనుకున్నారు. దీన్ని తప్పుగా ఎత్తిచూపడం నా ఉద్దేశం కాదు. రచయితకు కూడు పెట్టే చెయ్యి ఏదో, అతని కలం ఎటు మొగ్గుతుందో ఎప్పుడూ ఒకటే కానక్కర్లేదు. కాని ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం విమర్శకుడి బాధ్యత.

‘కీలుగుర్రం’ కథ పెద్దలందరికీ తెలుసు. రాజు వేటకు వెళ్లి రాక్షసి మాయలో పడి ఆమెను రెండో రాణిగా తెచ్చుకుంటాడు. రాత్రిళ్లు ఏనుగుల్నీ గుర్రాల్నీ తినేది ఆమె, నింద పడేది పెద్దరాణి మీద. పెద్దరాణి అడవి పాలవుతుంది. అక్కడ పుట్టిన కొడుకు పెరిగి పెద్దవాడై, కీలుగుర్రమెక్కి, రాక్షసి ప్రాణం దాగిన చోటు సాధించి, తల్లి మీద నింద పోగొట్టి, తన రాజ్యం తాను తెచ్చుకుంటాడు. అంటే ఇది పోయిన వారసత్వం తిరిగివచ్చిన కథ. ఆ చిత్రం 1949 ఫిబ్రవరి 19న విడుదలయింది. సరిగ్గా ఏప్రిల్లో, మద్రాసు శాసనసభ చేసిన జమీందారీ రద్దు చట్టానికి, అంటే 1948వ సంవత్సరపు 26వ చట్టానికి, గవర్నరు జనరల్ ఆమోదం వచ్చింది. ఆ సెప్టెంబరు నుంచి ఎస్టేట్లు ఒక్కొక్కటే ప్రభుత్వం చేతికి పోయాయి. నవంబరులో ‘మనదేశం’ వచ్చింది. శరత్ ‘విప్రదాస్’ నవల దానికి ఆధారం, ఆ నవలా జమీందారీ ఇంటి కథే. ఒకే సంవత్సరంలో ఒకే ఇంట్లోనుంచి వచ్చిన ఈ రెండు చిత్రాల్లో మొదటిది రాజ్యం తిరిగి వస్తుందన్న కల, రెండోది రాజ్యం పోయినా దేశం వుందన్న సమాధానం. చిత్రం తీసినవాళ్లు ఇలా అనుకుని తీశారని నేననడం లేదు. వర్గాల మనసు కథల్లో బయటపడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రేక్షకుల సంగతి కూడా ఆలోచించాలి. అదే చిత్రాన్ని మా మెట్ట ఊళ్ల రైతులు బళ్లు కట్టుకుని వెళ్లి చూశారు. రాకుమారుడికి రాజ్యం వస్తే వాళ్లూ ఈలలు వేశారు. ఎందుకు? అన్యాయంగా పోయింది తిరిగి రావాలన్న కోరిక వాళ్లదీ గనక. పోగొట్టుకున్నది రాజ్యం కాకపోయినా, పోగొట్టుకోవడం వాళ్లకు బాగా తెలుసు. జానపద కథ బలం అక్కడే వుంది, దాని మోసమూ అక్కడే వుంది. కీళ్లు బిగించి చెక్కతో గుర్రం చేసినవాడు ఒకడుంటాడు. చివరి ఘట్టంలో అతనికి ఏ రాజ్యమూ రాదు.

జమీందారీ రద్దు తెర మీద కథలా వచ్చింది కాదు. 1908 ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగు హక్కు ఒప్పుకున్నా శిస్తులు, పుల్లరి, వెట్టి పోలేదు. 1929లో ఆంధ్ర జమీన్ రైతు సంఘం ఏర్పడింది. 1937-38లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురంనుంచి మద్రాసుదాకా కాలినడకన సాగింది. మునగాలలో, చల్లపల్లిలో రైతులు దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు. 1937లో నియమించిన ప్రకాశం కమిటీ మరుసటి సంవత్సరం నివేదిక ఇచ్చి, భూమికి యజమాని రైతేగాని జమీందారు కాదనీ, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ తేల్చింది. 1939లో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చెయ్యడంతో ఆ నివేదిక అలమారులోకి పోయింది. పదేళ్ల తర్వాతగాని చట్టం రాలేదు.

ఆ చట్టం గొప్ప విజయమే. అయితే అందులో రెండు కిటికీలు తెరిచి వుంచారు. మొదటిది నష్టపరిహారం. ఎస్టేటు ఆదాయాన్ని బట్టి మూలమొత్తానికి పన్నెండున్నర రెట్లనుంచి ముప్పై రెట్లదాకా చెల్లించారు. ఒక్క పెద్దకొడుకుదే అని వందేళ్లు వాదించిన అవిభాజ్య సంస్థానాల పరిహారాన్ని కూడా కొడుకులూ మనవలూ పంచుకోవచ్చన్నారు. భూమిగా వున్నప్పుడు ముక్కలు కారాదన్నది డబ్బయ్యేసరికి ముక్కలవచ్చు. రెండో కిటికీ సొంత సేద్యం. దివాణం స్వయంగా సాగుచేసుకుంటున్న కమతం భూమికి జమీందారుకే రైత్వారీ పట్టా దొరుకుతుంది. ఏది దివాణం కమతం, ఏది రైతు భూమి అన్నది కాగితం చెబుతుంది. కాగితం కరణం దగ్గర వుంటుంది.

జర్మనీలో ఇదే ప్రశ్నను ప్రజల ముందే పెట్టారు. పదవులు పోయిన రాజుల ఆస్తుల్ని పరిహారం లేకుండా తీసుకోవాలా అని 1926 జూన్ 20న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తీసుకోవాలని సుమారు కోటీ నలభై అయిదు లక్షలమంది ఓటు వేశారు. కాని మొత్తం ఓటర్లలో సగంమంది, అంటే దాదాపు రెండు కోట్లమంది, ఒప్పుకుంటేనే చెల్లుతుందన్న నిబంధన వుంది. అంచేత అది వీగిపోయింది. సింహాసనాలు పోయినా అడవులు, కోటలు, పొలాలు చాలావరకు పాత ఇళ్లకే మిగిలాయి. మన దేశంలో పెద్ద సంస్థానాధీశుల రాజభరణాలు 1971లోగాని రద్దుకాలేదు. కిరీటం తియ్యడం తేలిక, కాగితం మార్చడం కష్టం. రెండు దేశాల అనుభవమూ ఇదే.

ఆ రెండో కిటికీ సంగతి నాకు పుస్తకాల్లోకన్నా ముందు మా ఇంట్లో తెలిసింది. మా తాత ఒక దివాణం మామిడితోటను పెంచినవాడు. ఏ దివాణమో ఇక్కడ అప్రస్తుతం. ఒప్పందం నోటిమాట మీద జరిగింది. గోతులు తీసి, అంట్లు నాటి, మూడు వేసవులు కావడితో నీళ్లు మోసి మొక్కల్ని బతికించాలి. చెట్లు నీడ పట్టేదాకా సాళ్ల మధ్య నువ్వులూ మినుములూ వేసుకుని తినవచ్చు. చెట్లు నీడపట్టే సమయానికి చట్టం వచ్చింది. తోట దివాణం సొంత సేద్యమని రాయించారు. అబద్ధమని అనడానికి వీల్లేదు. తోట వేయించింది దివాణమే గదా! ‘వేయించు’ అన్న మాట మా తాతను ఆ తోటలోనుంచి బయటికి పంపింది. ఆయన చూపించడానికి ఒక్క రసీదు లేదు. మా నాయనమ్మ ఎండాకాలం ఆ దారిన పోతూ, “ఈ చెట్లు మీ తాతని గుర్తుపడతయ్యిరా, కాయలే మనయ్యి గావు” అనేది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ మాట వేదాంతమనుకున్నాను. అది భూమి చట్టమని చాలా ఏళ్లకు తెలిసింది.

పాత ఇళ్లను పేరు పేరునా తిట్టడానికి ఇది రాయడం లేదు. చరిత్ర అంత తేలికైనది కాదు. నూజివీడు వీణకు దేశంలో పేరున్నదంటే ఆదరణ ఒకటి వుండబట్టే. విజయవాడలో, నూజివీడులో కాలేజీలు ఆ కుటుంబాల పేర్లతో వున్నాయి. వాటిలో చదివిన రైతుబిడ్డల్లో నేనొకణ్ణి. మేకా రంగయ్య అప్పారావుగారు నూజివీడునుంచి శాసనసభకు ఎన్నికయి, మంత్రిగా పనిచేసి, 1974-80 మధ్య ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా వున్నారు. 2004లో, 2014లో, 2019లో నూజివీడు ఓటర్లు ఎన్నుకున్నదీ మేకా ఇంటి మనిషినే. ఓటుతో వచ్చింది సనదుతో వచ్చినదానికన్నా మెరుగు. ఓటరు దాన్ని వెనక్కి తీసుకోగలడు, 2024లో తీసుకున్నాడు కూడా. కాని పరిహారం కాలేజీగా, స్టూడియోగా, ఎన్నికగా రూపం మార్చుకుని ముందుకు సాగుతున్నప్పుడు నీళ్లు మోసిన కావడి ఏ రూపం తీసుకుందన్న ప్రశ్న మిగిలేవుంది. వారసత్వం పోయేది కాదు, మారేది. ఎవరికి మార్చుకునే వీలుందో వాళ్లదే చరిత్ర.

కావడి వారసుణ్ణి చూడాలంటే వేసవిలో మా వైపు రండి. చాట్రాయి, విస్సన్నపేట, నూజివీడు మధ్య ఎటు చూసినా తోటలే. బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసం, పెద్దరసం. తోట యజమాని చాలాసార్లు పట్నంలో వుంటాడు. పూత చూసి గుత్తకు తీసుకునేవాడు ఒకడు, మందులు కొట్టి, రాత్రిళ్లు గుడిసెలో పడుకుని కాపలా కాసేవాడు ఒకడు. గాలివాన వచ్చి కాయ రాలితే నష్టం గుత్తదారుకి, కౌలుదారుకి. పరిహారం వస్తే పట్టాదారు ఖాతాకి. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం కార్డు కావాలంటే యజమాని సంతకంతో ఒప్పందపత్రం వుండాలంది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో యజమాని పెట్టడు, అడిగితే కౌలు పోతుందన్న భయంతో కౌలుదారు అడగడు. 1802 సనదులో రైతు సంతకానికి చోటు లేదు. ఇప్పుడు చోటు వుంది, సంతకం లేదు. 2022లో మా మండలాన్ని కృష్ణా జిల్లానుంచి ఏలూరు జిల్లాలోకి మార్చారు. ఆఫీసు మారింది. సాగుచేసే మనిషి పేరు వుండవలసిన గడి ఖాళీగానే వచ్చింది.

అందుకే ఆ అమ్మాయి ప్రశ్న చిన్నది కాదు. వంశవృక్షం రక్తానికి కాదు, ఆస్తికి వేసే పటం. పంచవలసింది వున్నచోటే ఎవరికి ఎవరు పుట్టారో రాసిపెడతారు. అప్పారావుల ఇంటివి ఎన్నో తరాలు మనం చదవగలుగుతున్నామంటే వాటి కోసం వ్యాజ్యాలు నడిచాయి గనక. సాక్సే-కోబర్గు ఇంట్లో ఎవరెప్పుడు పుట్టారో వేళ్ల మీద లెక్కపెట్టగలుగుతున్నామంటే ఒక్కొక్క పుట్టుకా ఒక్కొక్క దావా గనక. మా పిల్లల ఇళ్లలో పూర్వులు లేక కాదు, వాళ్ల పేరుమీద పంచడానికి ఏమీ రాయలేదు గనక వాళ్లను కూడా రాయలేదు.

ఈ జవాబు మర్నాడు క్లాసులో నాకు చేతనైన మాటల్లో చెప్పాను. తర్వాత తెలుగు పీరియడులో ఒక పని ఇచ్చాను. ప్రేరణార్థక క్రియల పాఠం ఎలాగూ చెప్పాలి. ఊళ్లో ‘ఫలానావారు కట్టించినది, తవ్వించినది, వేయించినది’ అని పేరున్న ఒక్కొక్కటి తీసుకుని, ‘ఇంచు’ తీసేసి వాక్యం తిరగరాయమన్నాను. కర్త ఎవరో తెలియకపోతే ఇంట్లో ముసలివాళ్లను అడిగి రమ్మన్నాను. వారం తర్వాత నోటుబుక్కులు వచ్చాయి. కొన్నింటిలో కర్త స్థానంలో గీత వుంది. కొన్నింటిలో ‘వడ్డెరలు తవ్వారు’ అని కులం పేరు మాత్రం వుంది. పదకొండు పుస్తకాల్లో మనుషుల పేర్లున్నాయి. ముత్తాతలవి, ముత్తవ్వలవి, వాళ్లు నాటిన తోటలవి, మోసిన మట్టివి. ఒక పిల్లవాడు పేరుపక్కన బ్రాకెట్లో ‘కూలి: మానికెడు జొన్నలు’ అని కూడా రాశాడు.

రాజుల చరిత్ర రాయవద్దని నేననను. వాళ్ల చరిత్ర పూర్తిగా రాయాలంటున్నాను. అందుకు కావలసిన రెండో భాగం ఏ దివాణం దఫ్తరంలోనూ లేదు. అది చెప్పగలిగిన ముసలివాళ్లు మా ఊళ్లల్లో ఏడాదికి కొందరు చొప్పున తగ్గిపోతున్నారు. ప్రతి ఊళ్లోనూ ఒక ఉపాధ్యాయుడు, ఒక రచయిత ఈ పని మొదలుపెట్టవచ్చు. ఆ పదకొండు నోటుబుక్కులు నేను తిరిగి ఇవ్వలేదు. బడి బీరువాలో, అడంగలు నకళ్ల పక్కన పెట్టాను.